పాస్‌వర్డ్‌ల నుంచి పాస్‌కీలకు మారడం: ఇంటిల్లిపాదికీ పనికొచ్చే మార్గదర్శి

పాస్‌వర్డ్ ఎంత పొడుగ్గా పెట్టుకున్నా, చివరికి దాన్ని ఎక్కడో ఒకచోట మనమే టైప్ చేయాలి. మోసగాళ్లకు కావాల్సింది ఆ ఒక్క క్షణమే. "మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిచూసుకోండి" అని మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే అచ్చం గూగుల్ లాగిన్ పేజీలాంటిది తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కొడతాం. ఓటీపీ అడుగుతుంది, అదీ కొడతాం. అవతలివాడు అదే నిమిషంలో ఆ రెండూ అసలు సైట్లో కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు కూడా ఇలా అకౌంట్లు పోగొట్టుకుంటున్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. నకిలీ పేజీని కంటితో చూసి పట్టుకోవడం అసలు మనిషికి పెట్టకూడని పరీక్ష.

పాస్‌వర్డ్ టైప్ చేయకుండా, ఫోన్ తాళం తీసే వేలిముద్రతోనో పిన్‌తోనో సైట్లోకి వెళ్లే పద్ధతి పాస్‌కీ. అది వాడితే ఆ పరీక్ష మనకు ఉండదు. దాన్ని తయారు చేసుకోవడం ఒక్క నిమిషం పని. కానీ ఆ నిమిషానికి ముందు కొంత, తర్వాత కొంత చేయాల్సింది ఉంది. చాలామంది ఆ రెండూ వదిలేసి బటన్ ఒక్కటే నొక్కుతున్నారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ముందూ వెనకల గురించే.

పాస్‌కీ ఎలా పనిచేస్తుంది

ఒక సైట్లో పాస్‌కీ చేసుకున్నప్పుడు మీ ఫోన్ ఒక జత డిజిటల్ తాళంచెవులు తయారు చేస్తుంది. అందులో ఒకటి రహస్యం, అది మీ దగ్గరే ఉంటుంది. రెండోది ఆ సైట్‌కి వెళుతుంది. బ్యాంకులో మన సంతకం నమూనా ఉంటుంది చూడండి, సైట్ దగ్గర ఉండేది అలాంటిదే. దాంతో మీ సంతకం అవునో కాదో సరిచూడొచ్చు, అది పట్టుకుని ఎవరూ మీ బదులు సంతకం పెట్టలేరు. లాగిన్ అయ్యే ప్రతిసారీ సైట్ ఒక కొత్త అంకెల వరుస పంపుతుంది. మీరు వేలిముద్ర వేయగానే ఫోన్ దానిమీద రహస్య తాళంచెవితో సంతకం చేసి తిప్పి పంపుతుంది. సైట్ సర్వర్‌ని రేపు ఎవరైనా కొల్లగొట్టినా, మీ అకౌంట్ తెరవడానికి పనికొచ్చేది అక్కడ ఏమీ దొరకదు. మీ వేలిముద్ర, ముఖం ఏ సైట్‌కీ వెళ్లవు. అవి ఫోన్‌లోనే ఉండి, ఫోన్‌కి మాత్రమే "సరే" చెబుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. ప్రతి పాస్‌కీ ఒక సైట్ చిరునామాకు కట్టుబడి ఉంటుంది. గూగుల్ కోసం చేసిన పాస్‌కీ, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్న నకిలీ సైట్లో అసలు బయటికే రాదు. మీరు మోసపోయినా ఫోన్ మోసపోదు.

దీని వెనకున్న వెబ్‌ఆథన్ అనే పద్ధతిని, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2019 మార్చిలో ప్రమాణంగా ప్రకటించింది. 2022 మేలో యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి దీన్ని విస్తరిస్తామన్నాయి. 2023 మేలో గూగుల్ అకౌంట్లకు పాస్‌కీలు వచ్చాయి. అంటే ఇది నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదు, నిశ్చింతగా వాడుకోవచ్చు.

మొదటి అడుగు: ఫోన్ తాళం సరిచేయండి

మన ఇళ్లలో ఫోన్ పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్లలు గేమ్స్ ఆడుకోవడానికి వాళ్ల వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటుంది. చాలా పిన్‌లు 1234 అనో, పుట్టిన సంవత్సరమో. ఇప్పటివరకు దాంతో పెద్ద టెన్షన్ లేదు, ఎందుకంటే లోపల మళ్లీ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. పాస్‌కీ వచ్చాక ఆ పిన్నే మీ మెయిల్‌కీ, షాపింగ్‌కీ, అన్నిటికీ తాళంచెవి అవుతుంది. ఫోన్‌లో ఎవరి వేలిముద్ర ఎక్కి ఉంటే వాళ్లంతా మీ పాస్‌కీ వాడగలరు. ఫోన్ వేలు ఎవరిదని అడగదు, తన దగ్గర ఉన్నదేనా అని మాత్రమే చూస్తుంది.

కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి, ఎన్ని వేలిముద్రలు ఉన్నాయో చూడండి. మీవి కానివి తీసేయండి. పిన్ కనీసం ఆరంకెలు పెట్టండి. తెరమీద గీసే ప్యాటర్న్ అయితే పక్కన కూర్చున్నవాళ్లు చూసి గుర్తుపట్టగలరు, దాన్ని మార్చేయడమే మంచిది. పిల్లలకు ఫోన్ ఇవ్వక తప్పకపోతే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అనే సౌకర్యం ఉంది. అది ఆన్ చేసి, బయటికి వచ్చేటప్పుడు పిన్ అడిగే ఆప్షన్ కూడా పెడితే, వాళ్లు ఆడుతున్న గేమ్ నుంచి బయటికి రావాలంటే మీ పిన్ కావాలి.

రెండో అడుగు: ఫోన్‌లో ఉన్న అకౌంట్ ఎవరిదో చూడండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ ఇళ్లలో బోల్తా కొట్టేది ఇక్కడే. కొత్త ఫోన్ కొన్నప్పుడు మొబైల్ షాపులో కుర్రాడే ఒక జీమెయిల్ అకౌంట్ సృష్టించి ఇచ్చేస్తాడు. దాని పాస్‌వర్డ్ ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఫోన్‌లో మీరు చేసుకునే పాస్‌కీలన్నీ ఆ అకౌంట్‌లోకే వెళ్లి కూర్చుంటాయి. ఫోన్ పోయిన రోజు వాటితో పాటు అన్నీ పోతాయి.

సెట్టింగ్స్‌లో గూగుల్ అనే చోటికి వెళితే పైన అకౌంట్ పేరు కనిపిస్తుంది. అది మీరు గుర్తుపట్టే మెయిల్ ఐడీ అయ్యుండాలి. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ రెండూ ఇప్పుడు వాడుతున్నవేనా అని సరిచూడండి. ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు అక్కడ ఉంటే వెంటనే మార్చండి. వాడకం ఆగిన నంబర్లను టెలికం కంపెనీలు కొంతకాలానికి వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి.

మూడో అడుగు: పాస్‌కీలు ఎక్కడ దాచాలో తేల్చుకోండి

ఆండ్రాయిడ్ 9, ఐఫోన్‌లో ఐఓఎస్ 16, ఆ తర్వాతి వెర్షన్లు ఉంటే చాలు. విండోస్ 10, 11 కంప్యూటర్లలో విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖంతో కంప్యూటర్ తెరిచే ఏర్పాటు) ద్వారా పనిచేస్తుంది. పెండింగులో ఉన్న అప్‌డేట్లు మాత్రం వేసుకోండి.

ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లయితే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ చాలు. అన్నీ ఐఫోన్లు, మ్యాక్‌లు అయితే యాపిల్ పాస్‌వర్డ్స్. ఫోన్ ఒక కంపెనీది, ల్యాప్‌టాప్ ఇంకో కంపెనీది అయితే బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ యాప్‌లు రెండు వైపులా పనిచేస్తాయి. ఏదైనా సరే, ఒక్కటే ఎంచుకోండి. నాలుగు పాస్‌కీలు ఒకచోట, మూడు ఇంకోచోట ఉంటే ఆర్నెల్ల తర్వాత ఏది ఎక్కడుందో తెలియక తల పట్టుకోవాలి. పాస్‌కీ సేవ్ చేసేటప్పుడు వచ్చే చిన్న పెట్టెలో అది ఎక్కడికి వెళుతోందో రాసి ఉంటుంది. శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ పాస్ అని కూడా రావచ్చు. ఆ ఒక్క లైన్ చదివాకే ముందుకు వెళ్లండి.

నాలుగో అడుగు: గూగుల్ అకౌంట్‌తో మొదలుపెట్టండి

మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లన్నీ జీమెయిల్‌కే వస్తాయి. అది చేతిలో ఉంటే మిగతావి తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకే దీనితో మొదలు.

ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, అక్కడ సెక్యూరిటీ ట్యాబ్. కిందికి జరిగితే పాస్‌కీస్ అండ్ సెక్యూరిటీ కీస్ అని ఉంటుంది. నొక్కి, క్రియేట్ ఎ పాస్‌కీ ఎంచుకుని, వేలిముద్ర వేస్తే అయిపోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ తనంతట తానే ఒక పాస్‌కీ చేసి పెట్టి ఉంటుంది, ఆ జాబితాలో మీ ఫోన్ పేరు ముందే కనిపిస్తే కంగారుపడకండి. మీకు తెలియని ఫోన్ పేరు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయండి. అదే సెక్యూరిటీ ట్యాబ్‌లో, వీలైనప్పుడు పాస్‌వర్డ్ వద్దు అనే అర్థం వచ్చే స్విచ్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంచండి.

ఇప్పుడు పరీక్షించండి. ఈ భాగం దాటేయొద్దు. ఫోన్‌లో లాగవుట్ అవ్వకుండా, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి ఇన్‌కాగ్నిటో (పాత లాగిన్‌లు గుర్తుపెట్టుకోని) విండో తీయండి. జీమెయిల్‌కి వెళ్లి మెయిల్ ఐడీ కొట్టండి. పాస్‌వర్డ్ పెట్టెకు బదులు పాస్‌కీ వాడమని అడుగుతుంది. ఆ పాస్‌కీ ల్యాప్‌టాప్‌లో లేకపోతే, ఫోన్ లేదా ట్యాబ్లెట్ వాడతారా అనే ఆప్షన్ వస్తుంది. అది ఎంచుకోగానే తెరమీద క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోన్ కెమెరా దానిమీద పెడితే పాస్‌కీ వాడమనే లింకు వస్తుంది, నొక్కి వేలిముద్ర వేయండి. కొన్ని సెకన్లలో ల్యాప్‌టాప్‌లో ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది.

అలా జరగకపోతే నూటికి తొంభై పాళ్లు బ్లూటూత్ ఆఫ్‌లో ఉన్నట్టే. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి. రెండిటికీ ఇంటర్నెట్ ఉండాలి. జత చేయాల్సిన పని లేదు. బ్లూటూత్ ఎందుకంటే, ఆ రెండూ నిజంగా పక్కపక్కనే ఉన్నాయని తేల్చుకోవడానికి. ఎక్కడో కూర్చున్న మోసగాడు తన తెరమీది క్యూఆర్ కోడ్‌ని మీకు వాట్సాప్‌లో పంపి స్కాన్ చేయించినా అతని కంప్యూటర్‌లో మీ అకౌంట్ తెరుచుకోదు.

ఇంటర్నెట్ సెంటర్లోనో, ఆఫీసు కంప్యూటర్లోనో లాగిన్ అవ్వాల్సి వస్తే కూడా ఈ క్యూఆర్ పద్ధతే వాడండి. అక్కడ పాస్‌వర్డ్ కొట్టడం కన్నా ఇది ఎంతో నయం. కానీ లోపలికి వెళ్లాక "ఈ కంప్యూటర్‌లో పాస్‌కీ చేసుకుంటారా" అని అడిగితే వద్దనండి. పని అయ్యాక లాగవుట్ అవ్వడం మీ బాధ్యతే, పాస్‌కీ ఆ పని చేయదు.

ఐదో అడుగు: మిగతా అకౌంట్లు

అన్నీ ఒకేరోజు మార్చేయాలనుకోకండి. రోజూ వాడేవి ముందు మార్చండి, మిగతావి ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, పాస్‌కీస్. కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఎక్కించినప్పుడు ఎస్ఎంఎస్ కోడ్ కోసం ఎదురుచూడకుండా దీంతో లోపలికి వెళ్లొచ్చు. కానీ ఆరంకెల ఎస్ఎంఎస్ కోడ్ దారి మూసుకుపోదు. "పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, చెప్తారా" అని తెలిసినవాళ్ల నంబరు నుంచే అడిగే మోసం అలాగే ఉంటుంది. అందుకే అదే అకౌంట్ పేజీలో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోండి.

అమెజాన్‌లో యువర్ అకౌంట్, లాగిన్ అండ్ సెక్యూరిటీ, అక్కడ పాస్‌కీ పక్కన సెటప్. కొన్ని సైట్లు పాస్‌కీ వాడాక కూడా ఓటీపీ అడుగుతుంటాయి. అది వాళ్ల పద్ధతి, మీరు తప్పు చేసినట్టు కాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఇంకో మంచి సంగతి ఉంది: పాస్‌కీ పెట్టుకున్నాక పాస్‌వర్డ్‌ని పూర్తిగా తీసేయవచ్చు. లింక్డ్‌ఇన్, గిట్‌హబ్, పేపాల్ లాంటివాటిలో కూడా సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోనే వెతకండి.

మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో పాస్‌కీ ఊసు కనిపించకపోతే ఉన్న పద్ధతే కొనసాగించండి. డిజిటల్ చెల్లింపులకు ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే దిక్కు కాకుండా ఇతర పద్ధతులకూ దారి తెరుస్తూ రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో నిబంధనలు ఇచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి వాటిని అమల్లోకి తెచ్చింది. "మీ పాస్‌కీ అప్‌డేట్ చేస్తాం" అని బ్యాంకు పేరుతో ఫోన్ వస్తే మాత్రం పెట్టేయండి. పాస్‌కీ ఫోన్‌లో చదివి చెప్పేది కాదు, ఇంకొకరు అప్‌డేట్ చేసేదీ కాదు. యూపీఐ పిన్ వేరు, పాస్‌కీ వేరు. ఆ పిన్ ఎప్పటిలాగే దాచుకోవాలి.

ఆరో అడుగు: పాత దారులు బిగించండి

పాస్‌కీ పెట్టుకున్నా చాలా సైట్లలో పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. గూగుల్‌లో కూడా "వేరే పద్ధతి ప్రయత్నించండి" నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ముందు తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా మోసగాడు ఈ వెనక దారినే వెతుక్కుంటాడు. కాబట్టి పాస్‌వర్డ్‌ని మార్చి, మేనేజర్ తయారు చేసిచ్చే పొడుగాటిది పెట్టండి. మీకు గుర్తుండాల్సిన పని లేదు. ఇంతకాలం నాలుగైదు సైట్లలో ఒకే పాస్‌వర్డ్ వాడి ఉంటే ఇది మరీ అవసరం.

దీంతో పాటు ఒక నియమం ఇంట్లో అందరికీ చెప్పండి: ఎప్పుడూ వేలిముద్ర అడిగే సైటు ఇవాళ హఠాత్తుగా పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఆ పేజీ మూసేసి, చిరునామా మీరే కొట్టి మళ్లీ వెళ్లండి. నకిలీ పేజీకి మీ పాస్‌కీని అడిగే వీలు లేదు కాబట్టే అది పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఏడో అడుగు: రెండో తాళంచెవి

ఒక్క ఫోన్ మీదే అంతా ఆధారపడి ఉంటే పాస్‌కీ భద్రతే మీకు శిక్షగా మారొచ్చు. గూగుల్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేస్తే, ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. పది కోడ్‌లు, ఒక్కోటి ఎనిమిదంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. కాగితం మీద రాసి బీరువాలో పాస్‌బుక్కులు, పొలం కాగితాలు ఉండే చోట పెట్టండి.

గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌కి ఒక పిన్ ఉంటుంది, అది పెట్టమని ఎప్పుడైనా అడిగి ఉంటే ఆ పిన్ కూడా ఆ కాగితం మీదే రాయండి. కొత్త ఫోన్ కొన్నప్పుడు మీ పాస్‌కీలు తెరవడానికి ఆ పిన్‌నో, పాత ఆండ్రాయిడ్ ఫోన్ తాళం పిన్‌నో అడుగుతుంది. గూగుల్‌కి కూడా మీ పాస్‌కీలు కనిపించకుండా ఉండేలా చేసిన ఏర్పాటు అది. పాత ఫోన్ పిన్ మర్చిపోతే దాన్ని చెప్పడం గూగుల్ వల్ల కూడా కాదు. యాపిల్‌లో కూడా పాత ఐఫోన్ పాస్‌కోడ్ గుర్తుండటం అంతే ముఖ్యం.

వీలైతే ట్యాబ్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో ఇంకో పాస్‌కీ చేసి పెట్టండి. చాలా సైట్లలో ఒక అకౌంట్‌కి ఒకటికన్నా ఎక్కువ పాస్‌కీలు ఉండొచ్చు. వ్యాపారం అంతా ఒకే మెయిల్ మీద నడిచేవాళ్లు యూబీకీ లాంటి చిన్న హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీ కొని లాకర్లో పెట్టుకుంటే ఇంకా మేలు.

అమ్మానాన్నల ఫోన్లు

పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, ఇక్కడ అమ్మానాన్నల మెయిల్, షాపింగ్ అకౌంట్లు చూసుకునే ఇళ్లు లెక్కలేనన్ని. ప్రతిసారీ ఫోన్ చేసి "నాన్నా, ఓటీపీ వచ్చింది, చెప్పు" అనడం వాళ్లకు అలవాటైపోయింది. రేపు ఇంకెవరో కొడుకు గొంతుతో అడిగినా అలాగే చెప్పేస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి పాస్‌కీ మంచి అవకాశం. వాళ్లకు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల అకౌంట్‌కి మీ ఫోన్‌లో కూడా ఒక పాస్‌కీ చేసుకోండి. ఇక చాలావరకు ఓటీపీ అడగాల్సిన పని రాదు, వాళ్ల ఫోన్ పాడైతే మీ దగ్గర ఉన్నదే దిక్కవుతుంది. అందరివీ ఐఫోన్లయితే యాపిల్ పాస్‌వర్డ్స్‌లో కుటుంబ సభ్యులతో ఒక గ్రూపు పెట్టి పాస్‌కీ పంచుకోవచ్చు.

వయసు మీదపడినవాళ్లకు, పొలం పనులు చేసేవాళ్లకు వేలిగీతలు అరిగి వేలిముద్ర ఒక్కోసారి పడదు. వాళ్లకు రెండు మూడు వేళ్లు ఎక్కించండి. వేలు పడకపోయినా ఫోన్ పిన్‌తో పాస్‌కీ పనిచేస్తుందని వాళ్ల చేతే ఒకసారి చేయించి చూపించండి.

పాస్‌కీ ఆపలేనివి

డబ్బు మన చేత్తోనే పంపించేలా భయపెట్టే డిజిటల్ అరెస్టు మోసాన్ని పాస్‌కీ ఆపలేదు. పెళ్లి కార్డు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలుని (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్‌ని) ఇన్‌స్టాల్ చేసుకున్నా, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించి ఫోన్‌ని వాళ్ల ఆధీనంలోకి తీసుకున్నా అంతే. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపించే వీలు మొదటి కొద్ది గంటల్లోనే ఎక్కువ.

ఫోన్ మార్చినప్పుడు, పోయినప్పుడు

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి మారితే అదే అకౌంట్‌తో లాగిన్ అయి, ఏడో అడుగులో చెప్పిన పిన్ అడిగితే కొట్టగానే పాస్‌కీలు వచ్చేస్తాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారేవాళ్లు పాత ఫోన్‌ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చే ముందు కొన్నాళ్లు రెండూ దగ్గర పెట్టుకోండి. ఐఫోన్‌లో క్రోమ్ వేసి, సెట్టింగ్స్‌లో ఆటోఫిల్‌కి క్రోమ్‌ని అనుమతిస్తే గూగుల్‌లో దాచినవి అక్కడా పనిచేస్తాయి. లేదంటే ఒక్కో సైట్లోకి పాత ఫోన్ క్యూఆర్ పద్ధతిలో వెళ్లి, కొత్త ఫోన్‌లో కొత్త పాస్‌కీ చేసుకోండి. అన్నీ తెరుచుకుంటున్నాయని చూశాకే పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఫోన్ పోతే ఈ వరుసలో వెళ్లండి. ముందు ఇంకొకరి ఫోన్ నుంచి, పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే గూగుల్ ఫైండ్ హబ్‌లోకో, యాపిల్ అయితే ఫైండ్ మైలోకో వెళ్లి ఫోన్‌ని లాక్ చేయండి, దొరికే ఆశ లేకపోతే ఎరేజ్ చేయండి. తర్వాత సిమ్ బ్లాక్ చేయించి డూప్లికేట్ సిమ్ తీసుకోండి. గూగుల్ అకౌంట్‌లో మీ పరికరాల జాబితా తెరిచి పోయిన ఫోన్‌ని సైనవుట్ చేయండి, పాస్‌కీల పేజీలో దాని పేరుంటే తీసేయండి. బీరువాలోని కాగితం ఇక్కడే అక్కరకొస్తుంది. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగం ద్వారా ఐఎంఈఐ నంబరు (ఫోన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) బ్లాక్ చేయించండి. అక్కడ ఓటీపీ కోసం డూప్లికేట్ సిమ్ చేతిలో ఉండాలి. ఐఎంఈఐ నంబరు ఫోన్ డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది కాబట్టి ఆ రెండూ పారేయకండి. ఫోన్ దొరికితే అన్‌బ్లాక్ కూడా అదే పోర్టల్‌లో చేయొచ్చు, అందుకు అప్పుడు ఇచ్చిన రిక్వెస్ట్ ఐడీ కావాలి.